కోల్‌కతా ఎయిర్‌పోర్టులో కూర్చుని భోంచేయడం: కామాఖ్య దారిలో మా అనుభవం

హనుమకొండ నుంచి గువాహటి పోవాలంటే ముందు శంషాబాద్ చేరాలి, అదే సగం ప్రయాణం. వరంగల్ పక్కనే మన మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే ఉంది, 1981 దాకా విమానాలు దిగాయి. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న ఒప్పందం ఏళ్లపాటు అడ్డుపడి, 2025 ఫిబ్రవరిలో ఎట్టకేలకు కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి విమానం ఎగిరిన రోజు చూద్దాం, అప్పటిదాకా తెల్లవారుజామున నాలుగింటికి కారెక్కి కోమళ్ల టోల్, గూడూరు టోల్ దాటి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడమే మన రాత.

సంక్రాంతి సెలవులయ్యాక మా అత్తమ్మ, మా ఆయన, మా పాప, నేను కామాఖ్య అమ్మవారి దర్శనానికి, అట్నుంచి షిల్లాంగ్‌కు పోయొచ్చాం. గుడి గురించి, షిల్లాంగ్ గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. దారిలో తిండి సంగతి, అందులోనూ రెండు విమానాల మధ్య మూడున్నర గంటలు ఎక్కడ కూర్చోవాలి, ఏం తినాలి అనేది ఎవరూ సరిగ్గా చెప్పరు. డెబ్బై దాటిన మనిషిని వెంటబెట్టుకుని పోయేవాళ్లకు అసలు ఇబ్బంది అక్కడే. అందుకే ఇందులో ఎక్కువ భాగం కోల్‌కతా ఎయిర్‌పోర్టు భోజనం గురించే ఉంటుంది, మిగతావి క్లుప్తంగా చెప్పేస్తా.

నా అభిప్రాయం ముందే చెప్తున్నా. ఎయిర్‌పోర్టులో టేబుల్ దగ్గర కూర్చుని తినే రెస్టారెంట్‌లో మనం డబ్బులిచ్చేది కూరకు కాదు, కుర్చీకి. రెండున్నర గంటల కన్నా ఎక్కువ టైమ్ ఉండి, వెంట పెద్దవాళ్లో చిన్నపిల్లలో ఉంటే ఆ డబ్బులు దండగ కాదు. టైమ్ అంతకంటే తక్కువైతే అటువైపు చూడకండి, ఎంత ఆకలేసినా సరే.

శంషాబాద్‌లో ఏడింటికల్లా లోపలికి వెళ్లిపోయాం. ముఖం చూసి లోపలికి పంపే డిజియాత్ర యాప్ ఉండడంతో మా ఆయనకూ నాకూ గేటు దగ్గర చిటికెలో అయిపోయింది. అత్తమ్మకు వీల్‌చైర్ టికెట్ బుక్ చేసినప్పుడే అడిగి పెట్టాం, దానికి వేరే డబ్బులు తీసుకోలేదు. అక్కడ కౌంటర్‌లో ఇడ్లీ, వడ తిన్నాం, కాగితం ప్లేటు, చెక్క చెంచా, చట్నీ నీళ్లగా ఉంది కానీ వేడిగా ఉంది. నలుగురికీ ఇడ్లీల బిల్లు చూసి అత్తమ్మ ‘గీ పైసలకు మనింట్ల నెల దినాలు ఇడ్లీలు చేసుకోవచ్చు’ అంది. విమానాశ్రయంలో కొట్టు పెట్టుకున్నవాళ్లు అద్దెతో పాటు అమ్మకాల్లో వాటా కూడా కట్టాలి, అమ్మకం ఉన్నా లేకున్నా ఇంత కనీసం ఇవ్వాల్సిందేనన్న లెక్క ఉంటుంది, పనివాళ్లకు పాసులు, లోపలికి వచ్చే ప్రతి సరుకుకూ తనిఖీ, అవన్నీ చివరికి మన ఇడ్లీ మీదనే పడతాయి. ఈ సంగతి అత్తమ్మకు చెప్తే ‘అయితే మనం తినుడెందుకు’ అంది, దానికి నా దగ్గర జవాబు లేదు.

కోల్‌కతాలో దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. రెండో విమానం మూడున్నరకు. రెండూ ఒకే టికెట్ మీద తీసుకున్నాం కాబట్టి పెట్టెలు నేరుగా గువాహటికే పోతాయి, మనం చేతిసంచులతో ట్రాన్స్‌ఫర్ వైపు వెళ్లి ఇంకోసారి సెక్యూరిటీ చేయించుకుంటే చాలు. వేర్వేరు టికెట్లు తీసుకుంటే కొంచెం చవక పడుతుందని మా ఆయన వాదించాడు కానీ, అట్లాగైతే పెట్టెలు తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ చెక్ ఇన్ చేసి రావాలి, పైగా మొదటి విమానం లేటైతే రెండోదాని బాధ్యత ఎవరిదీ కాదు. నేను ఒప్పుకోలేదు.

ఇక్కడ వీల్‌చైర్ గురించి ఒక మాట, ఇది ఎవరూ చెప్పరు. వీల్‌చైర్ తోసే అబ్బాయి మనిషిని నేరుగా గేటు దగ్గరికి తీసుకుపోయి అక్కడ కూర్చోబెట్టి ఇంకో ప్రయాణికుడి కోసం పోతాడు. అతని తప్పేం లేదు, అతని డ్యూటీ అట్లాంటిదే. కానీ గేటు ఒక మూలన, తిండి ఇంకో మూలన ఉంటే పెద్దవాళ్లు గేటు దగ్గర, మనం ప్లేటు పట్టుకుని ఇటూ అటూ. సెక్యూరిటీ దాటగానే ‘మేం భోజనం చేయాలి, మమ్మల్ని రెస్టారెంట్ దగ్గర దింపి రెండున్నరకు వస్తావా’ అని అడిగితే అబ్బాయి సరేనన్నాడు, ఫోన్ నంబర్ ఇచ్చాడు, నిజంగానే వచ్చాడు.

రెస్టారెంట్ పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. బెంగాలీ భోజనం పెట్టే చోటు. సోఫాల్లాంటి కుర్చీలు, గోడ పక్కన ఫోన్ చార్జింగ్, లోపలి నుంచి చూస్తే టెర్మినల్ పైకప్పు మీద బెంగాలీ అక్షరాలు కనిపిస్తాయి, రవీంద్రుడి రాతలట, 2013లో ఈ టెర్మినల్ కట్టినప్పటి నుంచీ అవే దీని గుర్తు. మా పాప మెడ పైకెత్తి చూస్తూ, రాని లిపిని కూడబలుక్కుంటూ అరగంట గడిపేసింది, నాకదే పెద్ద లాభం.

కూర్చోగానే మెనూ ఇవ్వలేదు, టేబుల్ మీద ఒక చతురస్రపు క్యూఆర్ కోడ్ స్టిక్కర్, ఫోన్‌తో స్కాన్ చేయాలి. కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌లో పావు అంగుళం అక్షరాలు అత్తమ్మ చదవాలా? కాగితం మెనూ అడిగితే లోపల్నుంచి ఒకటి తెచ్చారు, అంటే ఉంది, అడిగితేనే ఇస్తారు. మీరూ అడగండి. నీళ్ల బాటిల్ మూత తీయబోతున్న వెయిటర్‌ను ఆపి మామూలు నీళ్లు అడిగాం, అవీ తెచ్చాడు. హోటళ్లు బాటిల్ నీళ్లను ముద్రించిన ధర కన్నా ఎక్కువకు అమ్ముకోవచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది కాబట్టి, మూత తీశాక గొడవపడి లాభం లేదు.

ఆర్డర్: నాకు, అత్తమ్మకు శాకాహార థాలీలు, ఒక్కొక్కటి 695. కామాఖ్య దర్శనం అయ్యేదాకా నీసు ముట్టనని ఆమె ఇంట్లోనే అనుకుంది, ఆమెకు తోడుగా నేనూ. మా ఆయనకు ఆ పట్టింపు లేదు, 745 పెట్టి మటన్ బిర్యానీ చెప్పాడు. పాపకు లుచీ, ఆలూర్ దమ్, అంటే వాళ్ల పూరీ, ఆలుగడ్డ కూర, 395. ఎంతసేపు పడుతుందంటే ‘బీస్ మినిట్’ అన్నాడు వెయిటర్. నలభై దాటింది. పక్క టేబుల్‌లో ఇద్దరు అబ్బాయిలు సగంలోనే లేచి పరిగెత్తారు, పాపం వాళ్ల ప్లేట్లు అప్పుడే వస్తున్నాయి, బిల్లు కట్టారో లేదో చూడలేదు. ఇట్లాంటి చోట ‘ఏది తొందరగా వస్తుంది’ అని అడగడం కన్నా ‘ఏది వండి ఉంది’ అని అడగడం నయం. థాలీలు, బిర్యానీ వండి ఉంటాయి, వడ్డించడమే. మాకు ఆలస్యమైంది లుచీల వల్ల, అవి అప్పటికప్పుడు వేయించాలి, వాళ్లేమో అన్నీ కలిపే తెస్తామని మిగతావి ఆపేశారు. ‘అయినవి అయినట్టు తెండి’ అని ముందే ఒక్కమాట చెబితే సరిపోతుంది.

ఈలోపు అత్తమ్మ చేతిసంచిలోంచి సకినాల డబ్బా తీసింది. బయటి తిండి తినరాదని బోర్డు ఎదురుగానే ఉంది. నేను ఆపేలోపే ఒకటి విరిచి పాప చేతిలో పెట్టింది. వెయిటర్ చూశాడు. ఏమంటాడో అని నాకు టెన్షన్. ఆయన, యాభై ఏళ్ల మనిషి, ఒక ఖాళీ ప్లేటు తెచ్చి అత్తమ్మ ముందు పెట్టి, ‘యే క్యా హై మాసీమా’ (ఇదేంటి పిన్నిగారూ) అని అడిగాడు. అత్తమ్మకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు, ‘బియ్యప్పిండి, నువ్వులు, వాము, గంతే’ అని ఈమె చెప్తుంటే ఆయన అన్నీ అర్థమైనట్టు తలూపాడు. రెండు సకినాలు టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకుని పోయాడు. ఆ రెస్టారెంట్ మీద నాకున్న చిరాకంతా ఆ మనిషి వల్లనే సగమైంది.

ఇక తిండి. కంచంలో అన్నం, శుక్తో, శనగపప్పు, వంకాయ వేపుడు, గసగసాల ఆలుగడ్డ, అప్పడం, టమాటా చట్నీ, ఒక రసగుల్లా. శుక్తో ముందు తినాలని వెయిటర్ చెప్పాడు, కాకరకాయ, అరటికాయ, మునక్కాడ వేసి పలచగా చేసే చేదు కూర, వాళ్ల భోజనం దాంతోనే మొదలవుతుందట. నాకు నచ్చింది, అత్తమ్మ ఒక ముక్క తిని పక్కకు జరిపింది. శనగపప్పులో కొబ్బరి ముక్కలు, చక్కెర. ‘గిది పప్పా, పాయసమా బిడ్డా’ అంది. టమాటా చట్నీ కూడా తీపే, ఖర్జూరాలు వేశారు, దాన్ని అన్నంలో కలుపుకోబోతే వెయిటర్ వచ్చి అది చివర్లో తినేదని చెప్పాడు. వంకాయ మాత్రం బాగుంది, గుండ్రంగా అరచేయి అంత ముక్క, పైన కరకర, లోపల వెన్న, ఆవనూనె వాసన ముక్కుకు తగులుతుంది కానీ రెండో ముద్దకు అలవాటైపోతుంది.

గసగసాల ఆలుగడ్డ గురించి వేరే చెప్పాలి. ఆలూ పోస్తో అంటారు. మనం గసగసాలు మటన్ మసాలాలో చెంచాడు వేసి గొప్పగా చెప్పుకుంటాం, వాళ్లు గసాలు నానబెట్టి రుబ్బి ఆ ముద్దనే కూరంతా పట్టిస్తారు. కారం లేదు, ఒక్క పచ్చిమిరపకాయ చీలిక తప్ప. కానీ ఆ కమ్మదనం అన్నంలో కలిపాక తెలుస్తుంది. అత్తమ్మ ఇంకొంచెం అడిగించుకుంది, థాలీలో రెండోసారి పెడతారు, అదీ అడిగితేనే. నేను ఇంటికొచ్చాక చేశాను, గసాల ధర చూసి మళ్లీ చేయలేదు.

పాప ఆలూర్ దమ్ చూసి భయపడింది, అంత ఎర్రగా ఉంది. నోట్లో పెట్టుకుంటే కారమే లేదు. ‘మన చపాటా మిరపకాయ లెక్కనే, రంగే తప్ప మంట లేదు’ అంది అత్తమ్మ. 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటా గురించి ఎక్కడికెళ్లినా ఒక మాట చెప్పాల్సిందే కదా. లుచీలు మైదావి, తెల్లగా, చిన్నగా, పూరీల కన్నా మెత్తన, ఐదు ఇచ్చారు, పాప నాలుగు తింది.

బిర్యానీ దగ్గర మా ఆయన ముఖం చూడాల్సింది. కోల్‌కతా బిర్యానీలో పెద్ద ఆలుగడ్డ ఉంటుంది, ఒక ఉడికించిన గుడ్డు ఉంటుంది, మసాలా తక్కువ, గులాబ్ నీళ్ల లాంటి వాసన. 1856లో అవధ్ నవాబు వాజిద్ అలీ షాను గద్దె దించాక ఆయన కలకత్తా వచ్చి మటియాబుర్జ్‌లో ఉండిపోయాడు, ఆయనతో వచ్చిన వంటవాళ్ల దగ్గర మొదలైన వంట ఇదని చెప్తారు. ఈ చరిత్రంతా నేను చదివి వినిపిస్తుంటే ఆయన ‘చరిత్ర సరే, మిర్చీ కా సాలన్ ఏది’ అంటాడు. చివరికి ఆలుగడ్డ బాగుందని ఒప్పుకున్నాడు, మటన్ మసాలా అంతా పీల్చుకుని ముక్క కన్నా అదే రుచిగా ఉందట. హైదరాబాద్ బిర్యానీతో పోల్చుకుంటూ తింటే మాత్రం నిరాశే, దాన్ని వేరే వంటగా తినండి.

మిష్టి దోయి, అంటే తీపి పెరుగు, రెండు చెప్పాం, ఒక్కొక్కటి 195. మట్టి ముంతలో గట్టిగా, గోధుమరంగులో, చెంచా నిలబడేటట్టు ఉంది. మొత్తం బిల్లులో కళ్లు మూసుకుని డబ్బులివ్వదగ్గది ఇదొక్కటే.

బిల్లు వచ్చింది. తిన్నవాటికి 2,920, దాని మీద పది శాతం సర్వీస్ చార్జ్, ఆ మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ. సర్వీస్ చార్జ్ తప్పనిసరి కాదు, బిల్లులో దానంతటదే కలపకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమంటే మేనేజర్ వాదించలేదు, ‘ఓకే మేడమ్’ అని తీసుకుపోయాడు, కానీ కొత్త బిల్లు రావడానికి ఇంకో పది నిమిషాలు. 3,066 కట్టాం. విమానం దగ్గరపడ్డవాళ్లు ఆ పది నిమిషాలు ఆగలేక కట్టేసి పోతారు, అందుకే ఎయిర్‌పోర్టులో ఈ పద్ధతి ఇంకా నడుస్తోందని నా అనుమానం. ఫిర్యాదు చేయాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. నేను చేయలేదు, ఆ వెయిటర్‌కు చేతిలో వంద రూపాయలు పెట్టి లేచాను. తిండి చివరి ముద్దలో ఉండగానే బిల్లు తెమ్మంటే ఈ ఆలస్యం కొంత తగ్గుతుంది.

మూడు వేలకు హనుమకొండలో మా నలుగురం ఎన్నిసార్లు తినొచ్చో లెక్క మా ఆయన వేస్తూనే ఉన్నాడు. కానీ గంటన్నర పైగా అత్తమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది, బాత్రూమ్ పక్కనే ఉంది, ఫోన్లు చార్జ్ అయ్యాయి, పాప విసిగించలేదు. గేటు దగ్గరి ఇనుప కుర్చీల్లో అంతసేపు కూర్చుంటే ఆమెకు నడుము పట్టేసేది.

బ్యాంకు కార్డు చూపించి లోపల కూర్చుని తినే లాంజ్ సంగతి చాలామంది అడుగుతారు. మా ఆయన కార్డుకు ఒకప్పుడు రెండు రూపాయలకే లోపలికి పంపేవాళ్లు. ఇప్పుడు చాలా బ్యాంకులు ముందటి మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉండాలని షరతు పెట్టాయి, పైగా ఒక కార్డుకు ఒక మనిషే. నలుగురికి నాలుగు కార్డులు ఎక్కడివి? ఇద్దరే అయితే, ఇద్దరికీ కార్డులుంటే, లాంజే మేలు.

ఇంకా చవక కావాలంటే ఉడాన్ యాత్రీ కేఫ్ ఉంది, 2024 డిసెంబరులో ఇదే కోల్‌కతా ఎయిర్‌పోర్టులో మొదలుపెట్టారు, పది రూపాయలకు టీ, పదికే నీళ్ల బాటిల్, ఇరవైకి సమోసా. కానీ అది కూర్చుని భోంచేసే చోటు కాదు, మాలాగా విమానం దిగి విమానం ఎక్కేవాళ్లు దాని కోసం బయటికి పోయి మళ్లీ సెక్యూరిటీ క్యూలో నిలబడితే ఆ టీ బాగా ఖరీదైపోతుంది. కోల్‌కతా నుంచే బయలుదేరేవాళ్లకు మంచి సదుపాయం.

గువాహటి గురించి రెండు మాటలు. పల్టన్ బజార్‌లో రైల్వే స్టేషన్‌కు దగ్గరగా దిగాం, తిండికి, బండ్లకు అనువు, కానీ రాత్రంతా హారన్లు. శుభ్రమైన గది, వేడినీళ్లు పొద్దున ఎనిమిది దాకానే. నీలాచలం కొండ మీదనే ఉంటే తెల్లవారుజామున క్యూలో నిలబడడానికి బాగుంటుంది, నిద్ర కావాలంటే కొండ కిందనే, ఊరి మధ్యలో కాకుండా చూసుకోండి. దర్శనమయ్యాక అత్తమ్మ వ్రతం తీరింది, అసోమియా థాలీలో పులుపు చేపల పులుసు తిన్నాం, టెంగా అంటారు, అది మన నాలుకకు దగ్గర. ధర ఎయిర్‌పోర్టు థాలీలో సగం కూడా లేదు. షిల్లాంగ్ వంద కిలోమీటర్లు, రోడ్డు బాగుంది, చలి బాగా ఉంది, అంతే.

తిరుగు ప్రయాణంలో పొగమంచు. గువాహటిలో విమానం రెండు గంటల పైనే లేటు. ఇట్లాంటి చిన్న దూరపు విమానం రెండు గంటలు దాటి ఆలస్యమైతే ప్రయాణికులకు తిండీ తాగునీరూ విమానయాన సంస్థే ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. వాళ్లంతట వాళ్లు చెప్పలేదు, మా వెనక నిలబడ్డ ఒక పెద్దాయన గట్టిగా అడిగాక డబ్బాలు వచ్చాయి, అటుకుల ఉప్మా, ఒక జ్యూస్. చల్లగా ఉంది, తిన్నాం.

దాంతో కోల్‌కతాలో మిగిలింది గంట మాత్రమే. అదే రెస్టారెంట్ ముందునుంచి పోయాం, అత్తమ్మ సోఫాల వైపు ఆశగా చూసింది, నేను ఆగనివ్వలేదు. గేటు ఇరవై ఇరవై ఐదు నిమిషాల ముందే మూసేస్తారు, ఇప్పుడు చాలాచోట్ల మైకులో పేరు పెట్టి పిలవడం కూడా లేదు. సెక్యూరిటీకి పోగా మిగిలేది పావుగంట. కౌంటర్‌లో ఎగ్ రోల్స్ నాలుగు తీసుకున్నాం, పరాఠా పెనం మీద కాలుతుండగానే గుడ్డు కొట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నిమ్మరసం చల్లి, కాగితంలో బిగించి ఇచ్చాడు, మొత్తం ఐదారు నిమిషాల పని. గేటు దగ్గర నిలబడే తిన్నాం. కాగితం విప్పుతూ తినాలి, లేకపోతే నూనె మోచేతిదాకా కారుతుంది.

మా ఆయన ఇప్పటికీ ఈ ప్రయాణం మొత్తంలో మంచి తిండి ఏదంటే ఆ రోల్ అంటాడు, అదీ నాలుగోవంతు ధరకు. అత్తమ్మ ఆ సోఫాలు, ఆలూ పోస్తో అంటుంది. వచ్చే ఏడు జగన్నాథుడి దగ్గరికి పోదామంటున్నారు, దానికి మాత్రం కాజీపేటలో రైలెక్కుదామని నేను.